బియ్యం నిండుకున్న ఇంట్లో ఇంగ్లీషు జాతీయాలు

గజపతి జిల్లాలో, అందులోనూ పర్లాకిమిడి వంటి సరిహద్దు ఊళ్లో ఇంగ్లీషు నేర్పేవారికి చాలా చోట్ల దొరకని ఒక సదుపాయం ఉంది. నా దగ్గర చదువుకునే పిల్లల్లో ఎక్కువమంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా చదువుకుంటారు, కొండ మీది పల్లెల నుంచి వచ్చేవారికి సవర కూడా వచ్చు. ఒక భాషలోని మాటను మరొక భాషలోకి ఉన్నదున్నట్టు దించితే అది నిలబడదన్న సంగతి వీరికి ఎవరూ చెప్పనక్కరలేదు. సంతలో బేరమాడిన ప్రతిసారీ అది వారి అనుభవంలోకి వస్తూనే ఉంటుంది. అయినా స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష కోసం 'ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్' జాబితా ముందు వేసుకుని కూర్చున్నప్పుడు ఇదే పిల్లలు, ఇంగ్లీషువారి మాటలకు అర్థం పర్థం లేదు, బట్టీ పట్టడం తప్ప దారి లేదు అన్న నిశ్చయానికి వచ్చేస్తారు. ఆ నిశ్చయం తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఇంగ్లీషు జాతీయాల్లో చాలావాటికి ఒక లెక్క ఉంది. అది మాటల్లో కాక, ఆ మాటలు పుట్టిన పనిలోనో, చట్టంలోనో, మనుషుల భయంలోనో ఉంటుంది. లెక్క దొరకనివి కూడా కొన్ని ఉన్నాయి, వాటి సంగతి చివర చెబుతాను.

'హెడ్ ఓవర్ హీల్స్' అన్నదానితో మొదలుపెడతాను. ఎవరైనా పీకల్లోతు ప్రేమలో పడితే ఇంగ్లీషులో ఈ మాట అంటారు. తల మడమల కంటే పైన ఉండటం అందరికీ మామూలే కదా మాస్టారూ, అందులో ప్రేమకు సంబంధించినది ఏముంది అని ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న నూటికి నూరుపాళ్లు న్యాయమైనది, ఎందుకంటే ఇంగ్లీషువారే మొదట దీనిని సరిగ్గా తిరగేసి అనేవారు. 14వ శతాబ్దం నుంచి వాడుకలో ఉన్న రూపం 'హీల్స్ ఓవర్ హెడ్', అంటే కాళ్లు పైకి, తల కిందికి, పిల్లిమొగ్గ వేసినట్టు. 18వ శతాబ్దంలో ఆ రెండు మాటలూ చోటు మార్చుకున్నాయి, అర్థం మాత్రం కదలలేదు. అప్పటికే ఆ పదబంధం మొత్తం ఒకే మాటలా నోట పలుకుతున్నందువల్ల లోపలి ముక్కలు ఎటు తిరిగినా వినేవారు పట్టించుకోలేదన్నమాట. మన 'తలకిందులు'లో ఆ బొమ్మ ఇంకా చెదరలేదు కాబట్టి, పిల్లలకు ఆ మాట చెబితే ఇంగ్లీషు పాత రూపం వెంటనే కళ్లకు కడుతుంది.

దీనికి తోబుట్టువు వంటిది కేకు గురించిన సామెత. 'యూ కాంట్ హ్యావ్ యువర్ కేక్ అండ్ ఈట్ ఇట్ టూ' అంటే, కేకు చేతిలో ఉంటేనే కదా తినేది, ఉంచుకుని తినడంలో అసాధ్యం ఏముంది అని పిల్లలు వాదిస్తారు. ఇక్కడ 'హ్యావ్' అంటే దాచి ఉంచుకోవడం. 1546లో జాన్ హేవుడ్ అచ్చువేసిన సామెతల సంకలనంలో ఈ వాక్యం క్రమం వేరుగా ఉంది: కేకు తినేసి, ఆ తర్వాత కూడా కేకు ఉండాలంటావా అని అడిగినట్టుగా ఉంటుంది. ఆ క్రమంలో చెబితే చిన్నపిల్లవాడికైనా అసాధ్యం ఎక్కడుందో తెలుస్తుంది. ఈ పాత క్రమం మన కాలంలో ఒక నేర పరిశోధనలో కూడా అక్కరకు వచ్చింది. అమెరికాలో ఏళ్ల తరబడి తపాలా బాంబులు పంపిన వ్యక్తి రాసిన సుదీర్ఘ ప్రకటనను 1995 సెప్టెంబరులో వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ప్రచురించింది. అందులో ఈ సామెత అందరూ వాడే వరుసలో కాకుండా 'ఈట్ యువర్ కేక్ అండ్ హ్యావ్ ఇట్' అన్న పాత వరుసలో ఉంది. టెడ్ కజిన్‌స్కీ తన కుటుంబానికి రాసిన పాత ఉత్తరాల్లోనూ అదే వరుస కనిపించడం, ఆ ప్రకటన అతడిదేనని తేల్చిన భాషాపరమైన ఆధారాల్లో ఒకటి అయింది. 1996 ఏప్రిల్‌లో అతడిని అరెస్టు చేశారు. ఇక అర్థానికి వస్తే, మన 'అవ్వా కావాలి, బువ్వా కావాలి' దీనికి ఇంచుమించు సరిపోతుంది. అవ్వకూ బువ్వకూ ఏమిటి వైరం అని మనం ఏనాడూ అడగలేదు. ప్రాస కలిసింది, మాట నిలిచింది.

పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా తికమక పెట్టేవి ఉన్న అర్థానికి వ్యతిరేకంగా వినిపించే మాటలు. వేదిక ఎక్కబోయే నటుడితో 'బ్రేక్ ఎ లెగ్', అంటే కాలు విరగ్గొట్టుకో అని దీవిస్తారని చెప్పగానే తరగతి అంతా నివ్వెరపోతుంది. నేను అప్పుడు వారి ఇళ్లలోకి చూడమంటాను. బియ్యం డబ్బా ఖాళీ అయితే అమ్మమ్మ ఏమంటుంది? 'బియ్యం నిండుకున్నాయి' అంటుంది. అయిపోయాయి అనడం అశుభం కాబట్టి నిండాయని చెబుతుంది. దీపం ఆరిపోతే 'దీపం కొండెక్కింది' అంటుంది. మంగళసూత్రపు తాడు తెగితే తెగింది అన్న మాట నోట రానీయకుండా 'పెరిగింది' అంటుంది. బయలుదేరేవారెవరూ పోతాను అనరు, 'వెళ్లొస్తాను' అంటారు. మా వీధిలో ఒడియావారైతే గుమ్మం దిగుతూ 'ఆసుచి', అంటే వస్తున్నాను అంటారు. వెళ్లిపోతూ వస్తున్నానని చెప్పే రెండు భాషల మధ్య పెరిగిన పిల్లలకు 'బ్రేక్ ఎ లెగ్' వింతగా తోచడానికి కారణమే లేదు. మంచిని పైకి కోరితే దిష్టి తగులుతుందన్న నమ్మకం నాటకాలవారిలో గట్టిగా ఉంది, అందుకే చెడును పలికి మంచిని రప్పించాలని చూశారు. ఈ వాడుక కాగితం మీద కనిపించేది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల్లోనే. అది కచ్చితంగా ఎక్కడ పుట్టిందన్న దానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేకపోయినా, జర్మన్ భాషలో మెడా కాలూ విరగాలని దీవించే ఇటువంటి మాటే ఒకటి ఉంది. ఈ భయం ఒక్క జాతికి చెందినది కాదని అనడానికి మన బియ్యం డబ్బా కూడా సాక్ష్యమే.

పనిలోంచి పుట్టిన జాతీయాలది వేరే దారి. 'బై అండ్ లార్జ్' అంటే 'మొత్తం మీద' అని నిఘంటువు చెబుతుంది. ఆ మూడు మాటల్లో ఏ ఒక్కదానికీ ఆ అర్థం లేదు. ఇది ఓడ నడిపేవారి మాట. తెరచాపల కాలంలో గాలికి వీలైనంత ఎదురుగా ఓడను నడపడాన్ని 'బై ద విండ్' అనేవారు, గాలి వెనుక వైపు నుంచి అనుకూలంగా వీస్తున్నప్పుడు నడపడాన్ని 'లార్జ్' అనేవారు. ఎదురుగాలిలోనూ అనుకూలమైన గాలిలోనూ, అంటే అన్ని పరిస్థితుల్లోనూ చక్కగా నడిచే ఓడ 'బై అండ్ లార్జ్' మంచి ఓడ. 17వ శతాబ్దపు నావికుల మాట ఒడ్డుకు చేరి 'మొత్తం మీద' అయింది. తప్పతాగినవాడిని 'త్రీ షీట్స్ టు ద విండ్' అనడం కూడా అక్కడి నుంచి వచ్చినదే. 'షీట్' అంటే దుప్పటి, రేకు, కాగితం అనుకుంటే ఎంత ఆలోచించినా ముడి వీడదు. నావికుల భాషలో 'షీట్' అంటే తెరచాప కింది మూలను లాగి పట్టి ఉంచే తాడు. అటువంటి తాళ్లు మూడు ఊడిపోయి గాలికి కొట్టుకుంటూ ఉంటే తెరచాప పట్టు తప్పుతుంది, ఓడ తూలుతుంది. మా పొరుగున ఉన్న గంజాం జిల్లా గోపాలపురం తీరంలో చేపలు పట్టే నోలియాలు తెలుగువారే. వారి ఇళ్ల నుంచి వచ్చిన కుర్రవాడు తరగతిలో ఉంటే ఈ రెండు జాతీయాలకు నేను వివరణ ఇవ్వవలసిన పని ఉండదు, గాలికీ చాపకూ ఉన్న సంబంధాన్ని అతడే బల్ల మీద చేతులతో చూపించి చెబుతాడు.

ఇక్కడ ఒక్క క్షణం మన వైపు తిరిగి చూడాలి. ఎవరినైనా కడిగి పారేసేటట్టు విమర్శిస్తే 'తూర్పారబట్టాడు' అంటాం. కళ్లంలో ధాన్యాన్ని చేటతో పైకెత్తి గాలిలో వదిలితే పొట్టు ఎగిరిపోయి గింజ కిందపడుతుంది. తాలు ఏదో గింజ ఏదో తేల్చే ఆ పనే తూర్పారబట్టడం. మధ్యలో పని మానేసినవాడు 'కాడి కింద పడేశాడు', అధికారం చేపట్టినవాడు 'పగ్గాలు పట్టాడు'. గునుపురం వైపు పొలాల్లో పెరిగిన పిల్లలకు ఈ మాటలు పని రూపంలోనే కనబడతాయి. భువనేశ్వర్‌లోనో విశాఖపట్నంలోనో అపార్టుమెంటులో పెరిగిన తెలుగు పిల్లలకు మాత్రం 'తూర్పారబట్టడం' ఎంత అడ్డగోలుగా వినిపించాలో 'బై అండ్ లార్జ్' నేటి లండన్ పిల్లలకు అంతే అడ్డగోలుగా వినిపిస్తుంది. పని పోయి మాట మిగిలినప్పుడు ఏ భాషలోనైనా జరిగేది ఇదే.

చట్టంలోంచి వచ్చిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 'ది ఎక్సెప్షన్ ప్రూవ్స్ ద రూల్'. మినహాయింపు ఉందంటే నియమం దెబ్బతిన్నట్టు కదా, అది నియమాన్ని ఎలా రుజువు చేస్తుంది అని అడగని విద్యార్థి లేడు. చదువుకున్నవారు కూడా దీనిని తప్పుగా వాడుతుంటారు. తమ వాదానికి ఎదురు ఉదాహరణ ఎవరైనా చూపగానే, మినహాయింపు ఉంటేనే నియమం అని తప్పించుకుంటారు. అసలు తర్కం చాలా పదునైనది. క్రీ.పూ. 56లో రోమ్‌లో బాల్బస్ అనే వ్యక్తి పౌరసత్వం చెల్లదని వ్యాజ్యం వేసినప్పుడు సిసిరో అతడి తరఫున వాదించాడు. కొన్ని జాతులతో రోమ్ చేసుకున్న ఒడంబడికల్లో, మీ వారిలో ఎవరినీ మేము పౌరులుగా చేర్చుకోము అన్న షరతు స్పష్టంగా రాసి ఉంది. అలా ప్రత్యేకంగా మినహాయించిన చోట పౌరసత్వం ఇవ్వకూడదు అంటే, మినహాయించని చోట ఇవ్వవచ్చుననే కదా అర్థం అన్నది ఆయన వాదన. ఆ వాదనే తర్వాతి కాలంలో లాటిన్ న్యాయసూత్రమై, మినహాయించని సందర్భాల్లో నియమం ఉన్నట్టు మినహాయింపే ధ్రువపరుస్తుంది అన్న రూపం తీసుకుని, ఇంగ్లీషులోకి సగం తోక తెగి వచ్చింది. దుకాణం తలుపు మీద 'ఆదివారం సెలవు' అన్న బోర్డు ఉంటే మిగిలిన ఆరు రోజులు తెరిచి ఉంటుందని ఎవరూ వేరే రాయనక్కరలేదు. ఆ బోర్డు చూపిస్తే చాలు, పిల్లలు ఈ జాతీయాన్ని మళ్లీ మరిచిపోరు, తప్పుగానూ వాడరు.

తోక తెగడం వల్ల పాడైన మాట ఇంకొకటి ఉంది. 'ద ప్రూఫ్ ఇజ్ ఇన్ ద పుడింగ్' అని నేడు తరచుగా వింటాం. పాయసంలో రుజువు ఉండటం ఏమిటి? పూర్తి సామెత 'ద ప్రూఫ్ ఆఫ్ ద పుడింగ్ ఇజ్ ఇన్ ది ఈటింగ్'. 'ప్రూఫ్' అంటే ఇక్కడ పరీక్ష. వంటకానికి పరీక్ష తినడంలోనే ఉంది అని చెబితే వివాదమే లేదు. 'నాకేమీ లెక్కలేదు' అనడానికి వాడే 'ఐ కుడ్ కేర్ లెస్' కూడా ఇటువంటిదే: 'కుడ్ నాట్' లోని 'నాట్' రాలిపోయినా అర్థం నిలిచిపోయింది.

నాటకశాల నుంచి వచ్చిన ఒక కథ చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే ఇది పద్యనాటకాలు చూసి పెరిగిన మా ప్రాంతం వారికి బాగా ఎక్కుతుంది. ఒకరికి రావలసిన పేరును మరొకరు ముందుగా కొట్టేస్తే 'స్టీల్ సమ్‌వన్స్ థండర్' అంటారు. ఉరుమును దొంగిలించడం ఎలాగన్నది ప్రశ్న. 1709లో లండన్‌లోని డ్రూరీ లేన్ నాటకశాలలో జాన్ డెన్నిస్ అనే రచయిత నాటకం ఆడింది. అందులో ఉరుము శబ్దం పుట్టించడానికి ఆయన ఒక కొత్త పద్ధతి కనిపెట్టాడు. నాటకం నడవలేదు, కొద్ది ప్రదర్శనలతోనే ఎత్తేశారు. ఆ తర్వాత అక్కడే 'మాక్‌బెత్' ప్రదర్శన చూడబోయిన డెన్నిస్ చెవిన తాను కనిపెట్టిన ఉరుమే పడింది. నా నాటకాన్ని ఆడనివ్వరు గాని నా ఉరుమును మాత్రం దొంగిలిస్తారా అని ఆయన మండిపడ్డాడని 18వ శతాబ్దపు రచనల్లోనే నమోదై ఉంది. జాతీయాల వెనుక చెప్పే కథల్లో పేరు, ఊరు, ఏడాదితో సహా నిలబడేవి అరుదు. ఇది ఆ అరుదైన వాటిలో ఒకటి.

కావాలనే అసంగతంగా పుట్టించినవి కూడా ఉన్నాయి. తన బూటు వెనుక ఉండే పట్టీని పట్టుకుని తనను తాను పైకి లేపుకోవడం, అంటే 'పుల్ వన్‌సెల్ఫ్ అప్ బై ద బూట్‌స్ట్రాప్స్', ఎవరికీ సాధ్యం కాదు. 1834 నాటి అమెరికా పత్రికలో, ఎవరి సాయమూ లేకుండా ఎప్పటికీ తిరిగే యంత్రాన్ని కనిపెట్టానన్న వ్యక్తిని ఎగతాళి చేయడానికే ఇటువంటి మాట వాడారు. కాలక్రమంలో ఎగతాళి కాస్తా ప్రశంసగా మారి, స్వశక్తితో పైకి వచ్చినవారి గురించి గౌరవంగా చెప్పే మాట అయింది. కంప్యూటర్ తన ప్రోగ్రామును తానే ఎక్కించుకుని మొదలవడాన్ని 'బూట్' అవడం అంటున్నది కూడా దీనినుంచే. అసాధ్యాన్ని చూపే మాటతో సాధ్యాన్ని చెబుతున్నారేమిటి అన్న విద్యార్థి సందేహంలో తప్పేమీ లేదు, ఆ వైరుధ్యం నిజంగానే ఆ మాట చరిత్రలో ఉంది.

క్రియల వెనుక చేరే చిన్నచిన్న మాటల గురించి కూడా కొంత చెప్పాలి, పరీక్షల్లో ఎక్కువ మార్కులు పోయేది అక్కడే. దీపాలు 'వెంట్ ఆఫ్' అయితే ఆరిపోయాయి, అలారం 'వెంట్ ఆఫ్' అయితే మోగింది. ఇల్లు 'బర్న్‌డ్ డౌన్' అయినా 'బర్న్‌డ్ అప్' అయినా మిగిలేది బూడిదే. ఫారమును 'ఫిల్ ఇన్' చేసినా 'ఫిల్ అవుట్' చేసినా నింపడమే. ఈ తుది పదాలకు వాటి సొంత అర్థం వెతికితే చిక్కే. బిగించి ఉంచిన శక్తి ఒక్కసారిగా విడుదల కావడం 'గో ఆఫ్' లో ఒక అర్థం, తుపాకి పేలడానికి వాడే మాట అదే. అలారం మోగడం ఆ జాతిలో చేరుతుంది. ఉన్నది ఆగిపోవడం మరొక అర్థం. 'డౌన్' లో ఇల్లు నేలమట్టం కావడం కనిపిస్తే, 'అప్' లో ఏమీ మిగలకుండా పూర్తి కావడం కనిపిస్తుంది. తెలుగులో మనం ఇదే పనిని క్రియ వెనుక మరో క్రియను చేర్చి చేస్తాం. 'తిట్టిపోశాడు' లో పోయడానికి పాత్ర లేదు, 'చెప్పుకొచ్చాడు' లో ఎవరూ ఎక్కడికీ రాలేదు, 'రాసిపెట్టు' అంటే ఎక్కడో పెట్టమని కాదు, ఇతరుల కోసమో తర్వాతి అక్కర కోసమో రాయమని. క్రియ ముందు చేర్చినా అంతే, 'తెగ నవ్వాడు' అంటే తెగినది ఏదీ లేదు. రోజుకు ఎన్నోసార్లు ఈ పని చేస్తున్నవారు ఇంగ్లీషు 'అప్', 'డౌన్', 'ఆఫ్' లకు బెదిరిపోవడం చూస్తే నాకు బాధ కలుగుతుంది, వారి చేతిలోనే ఉన్న తాళంచెవిని ఎవరూ వారికి చూపించలేదు కాబట్టి.

జాతీయానికి మరొక లక్షణం ఉంది: దానిని కదిలిస్తే అది చచ్చిపోతుంది. 'కిక్ ద బకెట్' అంటే మరణించడం అని 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ కూర్చిన వాడుకమాటల నిఘంటువులో ఉంది. అదే వాక్యాన్ని కర్మణి ప్రయోగంలోకి మార్చి 'ద బకెట్ వాజ్ కిక్‌డ్' అంటే చావు మాయమై బకెట్ మాత్రమే మిగులుతుంది. మనలోనూ అంతే. 'అడిగితే నీళ్లు నమిలాడు' అంటే జవాబు చెప్పలేక తడబడ్డాడని తెలుస్తుంది. 'మంచినీళ్లు నమిలాడు' అంటే ఏమీ తెలియదు. పారిపోయినవాడు 'కాలికి బుద్ధి చెప్పాడు'. 'పాదాలకు జ్ఞానం బోధించాడు' అంటే అతడు ఎక్కడికీ పారిపోలేదు. ఇంగ్లీషు బకెట్ విషయంలో ఎక్కువమంది పండితులు అంగీకరించే వివరణ, ఇక్కడ 'బకెట్' అంటే నీళ్ల బాల్చీ కాదని, కోసిన జంతువును కాళ్లు కట్టి వేలాడదీసే దూలమని, ప్రాణం పోయేటప్పటి కాళ్ల కొట్టుకోలు దానికి తగిలేదని. విశేషమేమిటంటే తెలుగువారు ఈ మాటను ఏనాడో తీసుకుని 'బాల్చీ తన్నేశాడు' అని సొంతం చేసుకున్నారు. దూలం గురించి తెలియకుండానే, బాల్చీకీ చావుకూ సంబంధం ఏమిటని అడగకుండానే, హాయిగా వాడుతున్నారు. ఇంగ్లీషు జాతీయం తెలుగు నోటికి ఇంత సులువుగా లొంగుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

పర్లాకిమిడిలో కూర్చుని భాష గురించి రాస్తున్నప్పుడు గిడుగు రామమూర్తి గారిని తలచుకోకుండా ఉండటం అసాధ్యం. ఈ ఊరి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ ఆయన సవరలతో కలిసి తిరిగి, వారి నోట విని వారి భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ఇంగ్లీషులో వెలువరించారు. తెలుగులోనైనా సవరలోనైనా ఆయన పట్టుబట్టినది ఒక్కటే: భాష ఎలా ఉండాలో పుస్తకం చెప్పేముందు, అది ఎలా ఉన్నదో మనిషి నోట వినాలి. పర్లాకిమిడిని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించిన ఆయన, 1936లో ఆ రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. జాతీయాల విషయంలో ఆయన దారి కంటే మంచి దారి నాకు కనిపించలేదు. మాట ఎవరి నోట, ఏ పనిలో, ఏ కాలంలో పలికిందో వెతకాలి. దొరికినంత మేరకు చెప్పాలి. దొరకని చోట ఆగాలి.

ఆగవలసిన చోట ఆగకపోవడం వల్ల జరుగుతున్న చెరుపు చిన్నది కాదు. కుండపోతగా వాన పడుతోందని చెప్పే 'రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' గురించి తరగతి గదుల్లోనూ ఫోన్లలోనూ ఒక కథ తిరుగుతోంది: పూర్వం ఇంగ్లండులో కుక్కలూ పిల్లులూ గడ్డి కప్పుల మీద పడుకునేవని, వాన పడితే జారి కిందపడేవని. 1999లో ఈమెయిళ్ల ద్వారా ప్రపంచమంతటా పాకిన, ఎవరు రాశారో తెలియని ఒక కట్టుకథల మూటలో ఇది ఒకటి. పూరింటి కప్పు ఎలా ఉంటుందో తెలిసినవారెవరూ దీనిని నమ్మరు. మా చుట్టుపక్కల పల్లెల్లో పూరిళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాటి వాలు కప్పు మీద, కుండపోత వానలో, కుక్క పడుకోవడం ఎవరైనా చూశారా అని అడిగితే పిల్లలే ఆ కథను తీసి పక్కన పెడతారు. తెలిసినది ఇంతే: 1653లో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకంలో కుక్కలూ 'పోల్‌క్యాట్' అనే చిన్న అడవి జంతువులూ కురుస్తాయన్న మాట ఉంది, 1738లో జొనాథన్ స్విఫ్ట్ ప్రచురించిన సంభాషణల పుస్తకంలో నేటి రూపం కనిపిస్తుంది, 1710లో ఆయనే రాసిన కవితలో నగరంలో కురిసిన వానకు చచ్చిన పిల్లులూ మునిగిపోయిన కుక్కపిల్లలూ మురుగునీటిలో కొట్టుకువచ్చే వర్ణన ఉంది. ఆ వర్ణనకూ ఈ జాతీయానికీ సంబంధం ఉందని రుజువు చేయలేం. ఎవరూ రుజువు చేయలేదు.

'ద హోల్ నైన్ యార్డ్స్', మాటకు మాటగా 'తొమ్మిది గజాలూ', అంటే ఉన్నదంతా అని అర్థం. దీని మీద ఇంతకంటే ఎక్కువ కథలు అల్లారు. రెండవ ప్రపంచ యుద్ధపు విమానాల్లో తూటాల పట్టీ తొమ్మిది గజాల పొడవుండేదని కొందరు, కాంక్రీటు కలిపే లారీలో పట్టే కొలత అని కొందరు చెబుతారు. మన దేశంలో తొమ్మిది గజాల చీర అని చెప్పేవారూ ఉన్నారు. బరంపురం పట్టు నేసే తెలుగు దేరా కుటుంబాల పిల్లలకు ఈ చివరి కథ సహజంగానే నచ్చుతుంది, నచ్చిందన్న కారణంతో నేను దానిని ఒప్పుకోను. పాత పత్రికలు వెతికినవారికి 1907లో ఇండియానా రాష్ట్రపు పత్రికలో 'ఫుల్ నైన్ యార్డ్స్' అన్న మాట, 1912లో కెంటకీ రాష్ట్రపు పత్రికలో అదే అర్థంలో 'హోల్ సిక్స్ యార్డ్స్' అన్న మాట దొరికాయి. యుద్ధపు తూటాలూ కాంక్రీటు లారీలూ ఈ ఒక్క సాక్ష్యంతోనే ఓడిపోయాయి. ఒకే ప్రాంతంలో, కొద్ది ఏళ్ల తేడాలో, ఆరూ తొమ్మిదీ రెండూ వాడుకలో ఉన్నాయంటే, ఆ అంకె ఏ వస్తువు కొలతా కాకపోవచ్చు. చాలా పొడవు, ఉన్నదంతా అన్న ధ్వని కోసమే అక్కడ నిలిచి ఉండవచ్చు. మనం 'నాలుగు మాటలు చెప్పు', 'పది మందిలో పరువు పోయింది' అన్నప్పుడు ఎవరూ లెక్కపెట్టరు. ఈ జాతీయం దగ్గర నేను పిల్లలకు చెప్పేది అంతవరకే; ఆ పైన ఏ కథ అడిగినా, అడిగినవారితో పాటు ఆ పాత పత్రికల తేదీలు మరోసారి చూస్తాను.